ఆ కిస్తీ ఏదో మీకు మీరే కట్టుకోండి

ప్రశ్న: విజయవాడలో ఆటో నడుపుతాను. గ్యాస్, ఆటో కిస్తీ పోను నెలకు 24,000 వరకు మిగులుతుంది. సవారీలు ఫోనులోనే వస్తాయి, డబ్బులూ ఫోనులోకే వస్తాయి. నాలుగేళ్లలో మూడు ఫోన్లు కొన్నాను. మొదటిది 8,500. కిందపడి తెర పగిలితే 2,200 పెట్టి మార్పించాను, అయినా ఆరు నెలలకే పోయింది. రెండోది 9,000. అది నిండిపోయి, యాప్ తెరుచుకునేలోపు సవారీ వేరేవాళ్లకు వెళ్లిపోయేది. మూడోది 10,000. ఏడాదిన్నరకే బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచింది. సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ మార్చడానికి 1,400 అడిగారు. షాపులో మాత్రం 32,000 ఫోను చూపించి, ముందు 3,200 కడితే చాలు, తర్వాత నెలకు 2,700 చొప్పున 12 నెలలు అన్నారు. నా దగ్గర 11,000 ఉన్నాయి. ఖరీదైనది ఒకటి కొనేస్తే చాలాకాలం ఉంటుందనిపిస్తోంది. తీసుకోమంటారా?

జవాబు: డబ్బు సంగతి తర్వాత. ముందు ఆ ఉబ్బిన బ్యాటరీ ఉన్న ఫోనును చార్జింగ్ పెట్టడం మానేయండి. లేచిన మూతను నొక్కి మూయకండి. రాత్రిపూట తలగడ దగ్గర అసలే ఉంచుకోవద్దు. ఉబ్బిన లిథియం బ్యాటరీ నలిగినా, గుచ్చుకున్నా మంటలు రేగవచ్చు. రేపు ఉదయం మొదటి సవారీ కంటే ముందు సర్వీస్ సెంటర్‌కు వెళ్లి 1,400 ఇచ్చి మార్పించండి. ఫోను కొని ఏడాదిన్నరే అయింది కాబట్టి ఆ ఖర్చు వృథా కాదు. ఆ 1,400 మీకు నాలుగు నెలల గడువు కొనిపెడుతుంది. ఆ గడువుతో ఏం చేయాలో చెబుతాను.

మీరు ఇప్పటిదాకా ఫోన్ల మీద పెట్టింది కూడితే 29,700. నాలుగేళ్లకు, అంటే 48 నెలలకు పంచితే నెలకు 619 రూపాయలు. చవక ఫోన్లు కొంటున్నానని మీరు అనుకున్నారు. కానీ ఫోను ధరను బిల్లు మీద కాదు, అది మీ చేతిలో పనిచేసిన నెలలతో భాగించి చూడాలి.

అదే లెక్క షాపువాళ్లు చూపించిన ఫోనుకూ వేద్దాం. మీరు కట్టేది మొత్తం 35,600. అది ఐదేళ్లు నిలిచినా నెలకు 593 పడుతుంది. అంటే ఇప్పటి ఖర్చుకీ దానికీ తేడా 26 రూపాయలే. మధ్యలో ఒక్కసారి కిందపడితే ఆ తేడా కూడా మిగలదు, ఎందుకంటే ఆ ధరలో ఫోన్లకు తెర మార్చాలంటే వేలల్లోనే ఖర్చవుతుంది. అప్పు విషయానికొస్తే, ముందు కట్టేది పోను మీకు ఇస్తున్నది 28,800. తిరిగి కట్టించుకునేది 32,400. అదనం 3,600, అంటే పన్నెండున్నర శాతమే కదా అనిపిస్తుంది. కానీ మీరు నెలనెలా అసలు తీరుస్తూ వస్తారు, ఏడాది పొడవునా 28,800 మీ దగ్గర ఉండదు. తగ్గుతున్న బాకీ మీద లెక్కగడితే వడ్డీ ఏటా 22 శాతం దాటుతుంది. ‘సున్నా వడ్డీ’ అని ఇంకో షాపులో చెప్పినా నమ్మకండి. అలాంటిదేమీ ఉండదని 2013 సెప్టెంబరులోనే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు తేల్చి చెప్పింది. వడ్డీని ధరలోనో, ఫైలు చార్జీలోనో, నగదు ఇస్తే తగ్గించాల్సిన మొత్తంలోనో కలిపేస్తారు.

మీ ఉత్తరంలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. నెలకు 2,700 కట్టగలనని మీకు ధైర్యం ఉంది. ఆ కిస్తీ ఏదో మీకు మీరే కట్టుకోండి. చేతిలోని 11,000లో బ్యాటరీకి 1,400 పోతే 9,600 మిగులుతాయి. నాలుగు నెలలు 2,700 చొప్పున పక్కన పెడితే 10,800. మొత్తం 20,400. ఇందులో 18,000 ఫోనుకు, 600 గట్టి కవరుకూ తెర మీది టెంపర్డ్ గ్లాసుకూ, మిగిలిన 1,800 మూడో ఏట మార్చబోయే బ్యాటరీకి. ఆ ఫోను ఐదేళ్లు వాడితే నెలకు పడేది 340 రూపాయలు. నాలుగేళ్లకే పోయిందనుకున్నా 425. అప్పు మాటే ఉండదు.

ఇక 18,000కు ఏది కొనాలి? కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని మీరు అడగనవసరం లేదు. మొదట అడగాల్సింది, సెక్యూరిటీ అప్‌డేట్లు, అంటే ఫోను భద్రతలోని లోపాలను సరిచేసే మార్పులు, ఏ సంవత్సరం వరకు ఇస్తారని. అవి ఆగిపోయిన ఫోనులో యూపీఐ వాడటం తాళం చెడిన ఇంట్లో డబ్బు పెట్టుకోవడం లాంటిది. కొన్నేళ్లకు బ్యాంకు యాప్‌లు కూడా పాత ఆండ్రాయిడ్‌లో పనిచేయడం మానేస్తాయి. ఒకప్పుడు ఎక్కువ ఏళ్ల అప్‌డేట్లు ఖరీదైన ఫోన్లకే ఉండేవి. 2024లో శామ్‌సంగ్ గెలాక్సీ ఏ16 5జీని 20,000 లోపు ధరకే తెచ్చి, ఆరేళ్ల అప్‌డేట్లు ఇస్తామంది. అదే కొనమని నేను చెప్పడం లేదు. ఈ ధరలో అంత హామీ దొరుకుతుందని తెలిస్తే, అంతకంటే తక్కువ ఇచ్చేవారిని ఎందుకని అడగగలుగుతారు. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ ఏళ్లను లెక్కపెట్టేది మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ మార్కెట్‌లోకి వచ్చిన రోజు నుంచి. రెండేళ్ల కిందటి మోడల్‌ను పండగ తగ్గింపులో అమ్ముతున్నారంటే, మీకు దక్కే ఏళ్లలో రెండు అప్పటికే అయిపోయాయి.

మీ రెండో ఫోను పాడవలేదు, ఊపిరాడక ఆగిపోయింది. 6 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజీకి తగ్గకండి. స్టోరేజీ ఈఎంఎంసీ రకమా యూఎఫ్‌ఎస్ రకమా అని కూడా అడగండి. యూఎఫ్‌ఎస్ వేగంగా పనిచేస్తుంది, ఫోను పాతబడే కొద్దీ ఆ తేడా బాగా తెలుస్తుంది. నీటి సంగతికొస్తే, ఐపీ54 రేటింగు అంటే చినుకులకు తట్టుకుంటుంది, ఐపీ67 అంటే మీటరు లోతు మంచినీటిలో అరగంట వరకు. మీకు మొదటిది చాలు. ఏది ఉన్నా నీళ్లు లోపలికి వెళ్లి పాడైతే వారంటీ సాధారణంగా వర్తించదు.

డబ్బు ఇచ్చేముందు, షాపుకు కాదు, ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి ఈ మోడల్‌కు తెర ఎంత, బ్యాటరీ ఎంత, ఎన్ని రోజుల్లో ఇస్తారు అని అడగండి. ఊళ్లో సర్వీస్ సెంటర్ లేని కంపెనీ ఫోను ఎంత బాగున్నా వద్దు. రెండు రోజులు ఫోను లేకపోతే మీకు రెండు రోజుల సంపాదన ఉండదు. విడిభాగాల వివరాలు ఒకచోట తెలియాలనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. దాన్నీ చూడండి.

అయితే ఇవన్నీ చూసి కొన్నా, మీ మూడో ఫోనుకు పట్టిన గతే దీనికీ పట్టవచ్చు. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు బెంజ్ సర్కిల్ దగ్గర ఆగినప్పుడు, హ్యాండిల్ మీద బిగించిన ఫోను వెనక వేలు పెట్టి చూడండి. పైన ఎండ, లోపల మ్యాపు నడుస్తూ వేడి, కింద చార్జరు పుట్టించే వేడి. చాలా కంపెనీలు తమ ఫోన్లను 35 డిగ్రీలలోపు వాతావరణంలో వాడమంటాయి. మన ఊళ్లో ఎండాకాలం నీడలోనే అంతకంటే ఎక్కువ ఉంటుంది. అందుకే స్టాండును అద్దం దగ్గర నుంచి తీసి, పైకప్పు నీడ పడేచోట, గాలి తగిలేలా బిగించండి. ఎండలో చార్జింగ్ వద్దు. ఉదయం బయలుదేరే ముందు, అన్నానికి ఆగినప్పుడు నీడలో పెట్టుకోండి. సెట్టింగుల్లో 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సదుపాయం ఉంటే ఇంటి దగ్గర అది వాడండి. ఆటోలో ఉన్నది వంద రూపాయల చార్జరైతే ముందు దాన్ని తీసేయండి. ఫోను కంపెనీ ఆమోదించినదే పెట్టుకోండి.

కొన్న నెల నుంచే తపాలా కార్యాలయంలో నెలకు 400 చొప్పున రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. అది ఐదేళ్ల పథకం, మీ ఫోను వయసూ అంతే. 6.7 శాతం వడ్డీ లెక్కన చివరికి సుమారు 28,500 చేతికి వస్తాయి, అంటే తర్వాతి ఫోను డబ్బు సిద్ధంగా ఉంటుంది. మధ్యలో ఫోను పోతే, 12 వాయిదాలు కట్టి ఉన్నవారికి జమ అయిన దానిలో సగం వరకు అప్పు ఇస్తారు. షాపులో అంటగట్టే అదనపు బీమా కంటే నాకు ఇదే నచ్చుతుంది.

ఈ నాలుగు నెలల్లో ఎవరైనా వాడిన ఫోను తక్కువకు ఇస్తామంటే బిల్లు లేకుండా తీసుకోకండి. ఆ ఫోనులో స్టార్, హాష్, 06, హాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య, అంటే ఆ ఫోను గుర్తింపు సంఖ్య, వస్తుంది. కేవైఎం అని ఇంగ్లీషులో రాసి, ఖాళీ వదిలి ఆ సంఖ్య చేర్చి 14422కు సందేశం పంపండి. అది నిషేధంలో ఉన్న ఫోనో కాదో తెలుస్తుంది. కొత్త ఫోను కొన్న రోజే దాని ఐఎంఈఐ సంఖ్యనూ బిల్లునూ ఒక కాగితం మీదకు ఎక్కించి, ఆటో కాగితాలతో పాటు ఇంట్లో పెట్టండి. ఫోను పోతే పోలీసు ఫిర్యాదు తర్వాత కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో దాన్ని స్తంభింపజేయడానికి ఆ కాగితమే కావాలి.