రంగుల గళ్ళ ఆట చేస్తున్న మేనకోడలికి

హైదరాబాద్

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రంగుల గళ్ళ ఆట, అదే, చెదిరిన గళ్ళని రెండేసి చొప్పున చోట్లు మార్చుకుంటూ ఛాయల వరసలో సర్దే ఆట, ఆడి చూశాను. "ఇందులో గెలిచేదేముంది మామయ్యా, జనం ఎందుకు ఆడతారు?" అని అడిగావు కదా. గెలిచేదేమీ లేదు కాబట్టే ఆడతారు. చిందరవందరగా ఉన్నదొకటి తమ చేతుల మీదుగా రెండు నిమిషాల్లో కుదురుకోవాలి. అది కుదురుకుని తీరుతుందని ముందే తెలిసి ఉండాలి. వాళ్ళకి కావలసింది అంతే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏ పనీ తెమలక విసిగిపోయిన మనిషికి, తెమిలే పని ఒక్కటి దొరకడం తక్కువ సంగతేం కాదు. లాడ్ బజార్‌లో గాజుల కొట్టువాడు బేరం లేనప్పుడు గాజుల్ని ఛాయల వరసలో పేర్చుకుంటూ కూర్చుంటాడు చూడు, ఆ తృప్తే ఇది.

టెట్రిస్ ఇలా ఉండదు. 1984 నాటి ఆ ఆటలో ముక్కలు పై నుంచి పడుతూనే ఉంటాయి. ఎంత సర్దినా చివరికి ఓడిపోయేది మనమే. ఆ ఉత్కంఠ వేరే రుచి. 2012లో వచ్చిన క్యాండీ క్రష్‌లో ఏ మిఠాయి రాలుతుందో మన చేతిలో లేదు, పైగా ఎత్తులకు లెక్క, ప్రాణాలకు లెక్క. నీ ఆటలో గందరగోళమంతా మొదట్లోనే కళ్ళ ముందు ఉంటుంది. ఆ తర్వాత కొత్తగా ఒక్క గడి కూడా వచ్చి పడదు. నీ ఆట బలమంతా అక్కడే ఉంది. మరి 12వ లెవెల్‌లో 90 సెకన్ల గడియారం ఎందుకు పెట్టావు? తీసెయ్. ఆ మూడు గుండె బొమ్మలు, లీడర్‌బోర్డు, "నిన్న ఆడలేదు, మీ వరస తెగింది" అనే నోటిఫికేషన్ కూడా తీసెయ్. అవి వేరే ఆటల్లో పనిచేస్తాయి, కాదనను. కానీ సర్దుకుందామని వచ్చిన మనిషి మీద పరీక్ష పెడితే, ఏమీ అనడు, చప్పుడు కాకుండా ఆట తీసేస్తాడు.

ఇక ఎక్కడ ఆడతారో ఆలోచించు. మియాపూర్ లైన్‌లో వచ్చి, అమీర్‌పేటలో దిగి, రాయదుర్గం బండి ఎక్కే అమ్మాయిని ఊహించుకో. ఒక చెయ్యి పట్టీని పట్టుకుని ఉంటుంది, ఆడేది రెండో చేతి బొటనవేలు ఒక్కటే. కాబట్టి ఆట నిలువు తెరలోనే ఉండాలి. వేలికి తగలాల్సిన గడి 48 డీపీకి (ఆండ్రాయిడ్‌లో తెర కొలత) తగ్గకూడదు, అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు. 360 డీపీ వెడల్పున్న ఫోన్‌లో అడ్డంగా 7 గళ్ళు పెడితే ఒక్కోటి 51 డీపీ వస్తుంది. 8 పెడితే 45కి పడిపోతుంది. నువ్వు 9 పెట్టావు, అందుకే పక్క గడి కదిలిపోతోంది. అడ్డం 7, నిలువు 9, అంతకు మించి వెళ్ళకు. ప్రతి మార్పిడి తర్వాత ఆట స్థితి సేవ్ అయిపోవాలి. స్టేషన్ వచ్చిందని ఫోన్ జేబులో వేసుకున్న మనిషి మళ్ళీ తీసేసరికి ఆండ్రాయిడ్ నీ యాప్‌ని మూసేసి ఉండొచ్చు. తెరవగానే అదే గడి దగ్గర ఉండాలి. "కొనసాగిస్తారా?" అని అడగడం కూడా దండగే.

లెవెల్ ఎంతసేపు పడుతుందో ముందే లెక్క కట్టొచ్చు, అంచనాతో పని లేదు. 20 గళ్ళు కదిలేవి అయితే, బాగా కలిపేశాక వాటిని సర్దడానికి సగటున 16 మార్పిళ్ళు చాలు. 35 అయితే 31. తప్పులతో కలిపి ఒక్కో మార్పిడికి 5 సెకన్లు వేసుకో. మొదటిది 80 సెకన్లు, రెండోది రెండున్నర నిమిషాలు. మిగతావి మేకు గుర్తు పెట్టి కదలకుండా ఉంచు. మొదటి లెవెళ్ళలో అంచు మొత్తం బిగించి, లోపల 8 నుంచి 12 గళ్ళే వదులు. తర్వాత నాలుగు మూలలు మాత్రం ఉంచు. కష్టం మాత్రం ఒక్క తీరున ఎక్కిస్తూ పోకు. మూడు లెవెళ్ళు పెంచి, నాలుగోది తేలిక చెయ్యి.

అసలు కథ రంగుల్లో ఉంది, ఇక్కడే నువ్వు ఎక్కువ పని చెయ్యాలి. నాలుగు మూలలకూ రంగులిచ్చి మధ్యవి ఆర్‌జీబీ, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళ అంకెల సగటుతో నింపావు. పసుపు 255, 221, 0. నీలం 0, 0, 255. వాటి నడిమి గడి 128, 111, 128 అవుతుంది, అంటే మట్టి పట్టిన బూడిద. రంగుల ఆటకి వచ్చినవాడికి నడిబొడ్డున బురద చూపిస్తే ఎలా? మధ్య రంగుల్ని 2020లో వచ్చిన ఓకేల్యాబ్ పద్ధతిలో లెక్కకట్టు. అందులో వెలుగు ఒక కొలత, రంగు రెండు కొలతలు, మెట్లు కంటికి సమానంగా కనిపిస్తాయి. సీఐఈ ల్యాబ్ అనే పాత రంగుల కొలత పద్ధతిలో నీలం తెలుపు వైపు వెళ్తుంటే మధ్యలో ఊదా ఛాయ తొంగిచూస్తుంది, ఇందులో ఆ బెడద తక్కువ. అయితే పసుపు, నీలం లాంటి ఎదురెదురు రంగుల్ని నేరుగా సగటు చేస్తే ఇందులోనూ నడుమ రంగు వెలిసిపోతుంది. మూలల మధ్య రంగుచక్రంలో 90 డిగ్రీలు దాటకుండా చూసుకో. పైవి లేతగా, కిందివి ముదురుగా పెట్టుకుంటే ఇంకా మేలు. పేర్లు కావాలంటే బతుకమ్మ పూలున్నాయి: తంగేడు పసుపు, బంతి నారింజ, కట్ల పువ్వు నీలం. "ప్యాలెట్ 7" అని రాసేకంటే నయం.

రెండు రంగుల మధ్య తేడాని మాత్రం సీఐఈ ల్యాబ్ దూరంతోనే కొలువు. 2.3 దగ్గర కంటికి తేడా తెలియడం మొదలవుతుందంటారు. అది మంచి వెలుతురులో, తీరిగ్గా చూసినప్పటి మాట. ఫోన్ మీద 6 పెట్టుకో, ఎంత కష్టమైన లెవెల్‌లో అయినా 4కి దిగకు. 9 గళ్ళ వరసలో 8 మెట్లు ఉంటాయి కాబట్టి, మెట్టుకి 6 చొప్పున పై మూలకీ కింది మూలకీ 48 దూరం ఉండాలి. అడ్డం 7 గళ్ళకి 36. అంతకు తక్కువైతే ఆడేవాడు కంటికి సరిగ్గానే పెడతాడు, నీ ఆట తప్పంటుంది. నా దృష్టిలో ఈ ఆటల్లో ఇంతకు మించిన ద్రోహం లేదు. సర్దితే కుదురుతుందన్న నమ్మకం ఆ ఒక్క గడి దగ్గర పోతుంది.

మూలలు సరిపోయినంత మాత్రాన అయిపోలేదు. నీ 14వ లెవెల్‌లో పై ఎడమ, కింది కుడి ఒకే గులాబీ. మిగతా రెండూ ఒకే నారింజ. కర్ణాల మీద రంగులు ఒకటే కావడంతో, 9 వరసల్లో అయిదో వరస మొత్తం ఒకే రంగు అయి కూర్చుంది. చూశావా? అందుకే లెవెల్ తయారవగానే ప్రతి జంటనూ కొలిచే చిన్న ప్రోగ్రాం రాసుకో. 63 గళ్ళకి 1953 జంటలే, కంప్యూటర్‌కి అదో లెక్కా? అన్నిటిలో తక్కువ దూరం 4 కన్నా తక్కువుంటే ఆ లెవెల్‌ని పక్కన పడెయ్. పూర్తయిందా లేదా చూసేటప్పుడు కూడా గడి నంబరు చూడకు, గడి రంగు చూడు. ఒకే రంగు గళ్ళు రెండుంటే ఏది ఎక్కడున్నా ఒప్పుకోవాలి.

గళ్ళ మధ్య నువ్వు పెట్టిన తెల్లటి గీతలు తీసెయ్. రంగులు అంచుకి అంచు తగిలితేనే చిన్న తేడా కనపడుతుంది, గీత అడ్డొస్తే ఆ తేడాని మింగేస్తుంది. వెనక తెర రంగులేని ముదురు బూడిద ఉండాలి. అక్కడ ఎరుపో నీలమో ఉంటే దాని పక్కన ప్రతి రంగూ మారిపోయినట్టు కనిపిస్తుంది.

కళ్ళు అందరివీ ఒకటి కావు. ఐరోపా మూలాల మగవాళ్ళలో దాదాపు 8 శాతం మందికి, ఆడవాళ్ళలో అర శాతం మందికి ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు. మన దగ్గరా అలాంటివాళ్ళున్నారు, చాలామందికి ఆ సంగతి తమకే తెలియదు. వయసు పైబడితే కంటి కటకం పసుపెక్కి నీలం, ఆకుపచ్చ దగ్గరపడతాయి. రాత్రి మంచం మీద ఫోన్‌లో తెరని పసుపెక్కించే నైట్ లైట్ వేసుకుని ఆడేవాళ్ళకి నీలాలు, ఊదాలు నలిగిపోతాయి. ఇన్నిటికీ మందు ఒకటే: రంగుతోపాటు వెలుగు కూడా మారాలి. ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్స్‌లో రంగుల లోపాన్ని అనుకరించి చూపించే సెట్టింగ్ ఉంది. అది పూర్తి నలుపు-తెలుపులో పెట్టి ఆడి చూడు. అప్పటికీ సగం లెవెల్ సర్దగలిగితే ఆ ప్యాలెట్ పనికొస్తుంది. ఇంకో మాట. ఫార్న్స్‌వర్త్-మన్సెల్ పరీక్ష అని ఒకటుంది. 85 రంగు బిళ్ళల్ని నాలుగు పెట్టెల్లో ఛాయల వరసలో పేర్చమంటారు. అది రంగు చూపుని పరీక్షించడానికి! నీ ఆటకీ దానికీ తేడా గోరంతే. మెట్లు మరీ సన్నబడితే ఆట కాస్తా కంటి పరీక్ష అయిపోతుంది.

నువ్వు చేర్చాలనుకుంటున్న రంగునీళ్ళ గొట్టాల సంగతి, అదే, కలగలిసిన పొరల్ని ఒంపుతూ ఒక్కో రంగునీ ఒక్కో గొట్టంలోకి చేర్చే ఆట సంగతి, క్లుప్తంగా చెప్తాను. గొట్టానికి 4 పొరలు, ఎన్ని రంగులో అన్ని గొట్టాలు, పైన రెండు ఖాళీవి. 8 రంగులకి 10 గొట్టాలన్నమాట. ఊరికే కలిపి నింపితే కొన్ని లెవెళ్ళు అసలు తేలనే తేలవు, కాబట్టి ప్రతిదాన్నీ ముందు ప్రోగ్రాంతో పరిష్కరింపజేసి ఆ తర్వాతే బయటపెట్టు. 10 రంగులు దాటకు. ఆ పైన ఆకాశనీలం ఏదో, సముద్రనీలం ఏదో పోల్చుకోలేక తికమక పడతారు. ఇక్కడైతే పొరల మీద చిన్న గుర్తులు పెట్టొచ్చు, చుక్క, గీత, త్రిభుజం. ఛాయల గళ్ళలో మాత్రం గుర్తులు పెడితే ఆటే పోతుంది. అన్‌డూకి పరిమితి పెట్టకు, దాన్ని ప్రకటనకి అమ్మకు. వెనక్కి వెళ్ళొచ్చని తెలిసినవాడే ధైర్యంగా ఎత్తు వేస్తాడు. దారి మూసుకుపోతే నువ్వే గుర్తించి చెప్పు. లేకపోతే మూసుకుపోయిందని తెలియక పది నిమిషాలు కొట్టుకుంటారు.

వేలు తగిలాక 100 మిల్లీసెకన్ల లోపు గడి స్పందించాలి. మార్పిడి కదలిక 150 నుంచి 200 చాలు. ఆ కదలిక జరుగుతుండగానే రెండో గడి తాకితే కాదనకూడదు. వైబ్రేషన్ 10 నుంచి 20 మిల్లీసెకన్లు, అదీ గడి తన చోట కుదురుకున్నప్పుడే. సౌండ్ లేకపోయినా ఆట లోటనిపించకూడదు, ఎందుకంటే బస్సులోనో మెట్రోలోనో ఎవరూ సౌండ్ పెట్టుకోరు.

చివరి గడి కుదిరాక ఏం జరుగుతోంది నీ ఆటలో? కాగితం ముక్కలు ఎగిరి, నక్షత్రాలు పడి, వెంటనే ప్రకటన. ఆ సర్దిన తెరని కళ్ళారా చూసుకునే వీలే లేదు. వాళ్ళు రెండు నిమిషాలు కష్టపడింది దానికోసమే కదా బిడ్డా. ఒకటిన్నర సెకను ఏ బటనూ, ఏ అక్షరమూ లేకుండా రంగుల్ని అలా వదిలెయ్. తర్వాతి లెవెల్ బటన్ ఆ పైన మెల్లగా రావాలి. ప్రకటన మూడు నాలుగు లెవెళ్ళకొకటి, ఆ బటన్ నొక్కే ముందు మాత్రం కాదు, లెవెళ్ళ పట్టీకి తిరిగొచ్చినప్పుడు. లెవెల్ మొదలయ్యేచోట అనుకోకుండా నిండుతెర ప్రకటన వేయడాన్ని ప్లే స్టోర్ నియమాలూ ఒప్పుకోవు.

ఇక పరీక్షించడం. అయిదుగురికి ఫోన్ ఇచ్చి నువ్వు నోరు విప్పకుండా కూర్చో. ఫోన్ కంటికి దగ్గరగా తెచ్చుకుంటే రంగులు మరీ దగ్గరగా ఉన్నట్టు. ఏటవాలుగా తిప్పి చూస్తే తెర మీద వెలుతురు పడుతున్నట్టు. లెక్కల్లోనూ ఇదే పట్టుకోవచ్చు. వదిలేసిన లెవెల్‌లో ఎత్తులు తక్కువ, ఆగిపోయిన సమయం ఎక్కువ ఉంటే వాళ్ళకి తేడా కనపడలేదు, ప్యాలెట్ మార్చు. ఎత్తులూ అన్‌డూలూ బోలెడుంటే కనపడింది కానీ దారి దొరకలేదు. బిగించిన గళ్ళు పెంచు. రెంటికీ హింట్ ఒకటే మందనుకోకు.

మీ ఆఫీసులో ఉన్న ఖరీదైన తెర మీద ఏ రంగైనా మెరుస్తుంది. చవకరకం ఎల్‌సీడీ ఫోన్ ఒకటి తీసుకుని, వెలుతురు 40 శాతానికి తగ్గించి, మిట్టమధ్యాహ్నం మెట్రో ఎక్కు. మన మెట్రో అంతా వంతెనల మీదే కాబట్టి కిటికీలోంచి ఎండ నేరుగా తెర మీద పడుతుంది. అమీర్‌పేట నుంచి రాయదుర్గం దాకా 9, 14, 22 లెవెళ్ళు ఆడు. కొత్త బిల్డ్‌తోపాటు ఆ మూడింటి మూల రంగుల అంకెలు, జంటల్లో అన్నిటికన్నా తక్కువ దూరం ఎంతొచ్చిందో కూడా రాసి పంపు.

ఇట్లు
మీ మామయ్య