వెనక పలక ఎటు వాలుతుందో ముందు అడగండి: బెంచీ-టేబుల్ మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే వస్తువు గురించి. మామూలప్పుడు ఆనుకుని కూర్చునే బెంచీ, నలుగురు ఇంటికొస్తే వెనక పలక తిప్పి టేబుల్. బెంచీ వేరుగా, టేబుల్ వేరుగా పెట్టుకునేంత చోటు హైదరాబాద్‌లో ఎంతమందికి ఉంది గనక, డాబా మీద అయినా బాల్కనీలో అయినా? అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి ఆపి మొత్తం చోటు దీనికే ఇచ్చాం.

మాది సైనిక్‌పురిలో ఇండిపెండెంట్ ఇల్లు. ముందు పన్నెండడుగుల ఖాళీ ఉంది. ఫొటోలు చూపించి మా కార్పెంటర్‌తో ఇలాంటి బెంచీలు రెండు చేయిద్దామనుకుంటున్నాం. రెండూ కలిపితే ఆరుగురు కూర్చుని తినొచ్చట. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఏమేం చూసుకోవాలి?
— ఒక పాఠకురాలు, సైనిక్‌పురి

అందరూ ముందు ఏ కర్ర అని అడుగుతారు. మీరు మాత్రం వెనక పలక ఎటు వాలుతుంది అని అడగండి, ఎందుకంటే ఇందులో రెండు రకాలున్నాయి, ఫొటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, వాడకంలో మాత్రం పొంతనే ఉండదు. మొదటి రకంలో పలక వెనక్కి వాలి, వెనక కాళ్ల మీదుగా బల్లపరుపుగా పరుచుకుంటుంది. అప్పుడు మీరు బెంచీ మీద ఇటు తిరిగి, అంటే ఇందాక వీపు ఆనించిన వైపుకి మొహం పెట్టి కూర్చుని తినాలి. ఇలాంటి రెండు బెంచీలని వెనక వైపులు కలిసేలా జరిపితే రెండు సగాలు కలిసి ఒక టేబుల్. రెండో రకంలో పలక ముందుకి వచ్చి బెంచీ చేతుల మీద పడి సీటుని పూర్తిగా కప్పేస్తుంది. ఇంగ్లండ్‌లో మంక్స్ బెంచ్ అనే పాతకాలపు ఓక్ బెంచీలు ఈ రకమే, సీటు కింద సామాన్ల పెట్టె కూడా ఉండేది. అది టేబుల్‌గా బాగానే పనికొస్తుంది గానీ ఆ బెంచీ మీద ఇక ఎవరూ కూర్చోలేరు, చుట్టూ కుర్చీలు వేసుకోవాల్సిందే. మీకు కావాల్సింది మొదటిది. ఈ ఒక్క మాట తేల్చుకోకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

ఇప్పుడు ఆరుగురి సంగతి. నాలుగడుగుల బెంచీ మీద హాయిగా కూర్చునేది ఇద్దరే. ముగ్గురు కూర్చోవాలంటే రెండు చేతుల మధ్య లోపలి కొలత ఐదడుగులు ఉండాలి, మనిషికి 20 అంగుళాలు వస్తుంది. సీటు ఎత్తు 17 అంగుళాలు, టేబుల్ ఎత్తు 28 పెట్టించండి, ఆ రెండింటి మధ్య తేడా పది అంగుళాల కంటే తగ్గితే తొడలు పలకకి తగులుతాయి. ఇక్కడ ఒకదానికి ఒప్పుకోక తప్పదు. మొదటి రకంలోనూ పలక వచ్చి ఆనేది వెనక్కి సాగిన బెంచీ చేతుల మీదే కాబట్టి టేబుల్ సరైన ఎత్తులో ఉండాలంటే ఆ చేతులు మామూలు బెంచీ చేతుల కంటే ఒకటి రెండు అంగుళాలు పైకి ఉంటాయి, బెంచీగా కూర్చున్నప్పుడు భుజాలు కాస్త ఎగదోసినట్టు అనిపిస్తుంది. రెండూ నూటికి నూరుపాళ్లు కుదురుతాయని ఎవరైనా అంటే నమ్మకండి.

చోటు లెక్క కూడా వేసి చూశాను. సీటు 16, సగం టేబుల్ 15, మొత్తం 31 అంగుళాలు. రెండు బెంచీలు కలిస్తే ఐదడుగుల పైచిలుకు, అటూ ఇటూ మనుషులు వచ్చి కూర్చోవడానికి కనీసం రెండేసి అడుగులు, అంటే తొమ్మిది పదడుగులు పోతుంది. మీ పన్నెండడుగుల్లో పడుతుంది, కానీ ఆ పూట స్కూటర్ గేటు బయటే. బెంచీని గోడకి ఆనించి పెడితే పలక వెనక్కి వాలదు కాబట్టి ప్రతిసారీ ముందుకి లాగాలి. ఒక్కోటి ముప్పై కిలోలకి అటూ ఇటూ ఉంటుంది, ఇద్దరు పట్టుకోవాలి.

అత్తగారి విషయం మాత్రం మళ్లీ ఆలోచించండి. టేబుల్‌గా మార్చాక దీని మీద కూర్చోవాలంటే ఒక్కో కాలూ ఎత్తి సీటు మీదుగా దాటించి లోపల పెట్టాలి. మోకాళ్లు నొప్పిగా ఉన్నవాళ్లకి దాని మీద కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం ఇంకో ఎత్తు. ఆవిడకి టేబుల్ చివర, పక్కవైపు, మంచి చేతుల కుర్చీ ఒకటి వేయండి. ఆ చివర పలక కాళ్లని దాటి పది అంగుళాలైనా బయటికి ఉండేలా చేయిస్తే ఆవిడ మోకాళ్లకి చోటు దొరుకుతుంది. ఇది ఇప్పుడే చెప్పాలి, చేశాక కుదరదు.

ఇక తిరిగే చోటు. పలక బరువంతా రెండు బోల్టుల మీద తిరుగుతుంది, ఈ వస్తువు పాడయ్యేది అక్కడే. తలుపు బందులు వేసి చిన్న స్క్రూలు బిగిస్తామంటే వద్దనండి, ఒక వానాకాలానికే స్క్రూలు ఊడి చేతికొస్తాయి. 10 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ బోల్టు, రెండు వైపులా వెడల్పాటి వాషర్లు, వదులు కాకుండా నైలాక్ నట్టు, కర్రలో వేసిన రంధ్రానికి లోపల ఒక మెటల్ బుష్, అంటే చిన్న గొట్టం ముక్క, కావాలి. బుష్ లేకపోతే బోల్టు కర్రని కొద్దికొద్దిగా తినేసి గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేస్తుంది, అక్కడి నుంచి టేబుల్ ఊగడం మొదలు. 304 గ్రేడ్ స్టీల్ చాలు, 316 సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకి. ఇవన్నీ రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి, కార్పెంటర్ తెస్తాడని వదిలేయకుండా మీరే కొనివ్వండి.

తయారయ్యాక డబ్బు మొత్తం ఇచ్చే ముందు పలకని టేబుల్‌గా పరిచి, బయటి అంచు మీద రెండు అరచేతులూ పెట్టి మీ బరువు వేసి నొక్కండి. సీటు వైపు కాళ్లు నేల నుంచి ఏమాత్రం లేచినా వెనక కాళ్లు ఇంకా ఏటవాలుగా, టేబుల్ అంచు కిందిదాకా రావాలని అర్థం. ఆ మార్పు చేయించాకే మిగతా డబ్బు.

ఊళ్లో పాత ఇల్లు పడగొట్టినప్పుడు వచ్చిన టేకు దూలాలు, తలుపు చెక్కలు ఉప్పల్‌లో మా ఇంటి వెనక పడున్నాయి. కార్పెంటర్ అవి వద్దు, ప్లైవుడ్ మీద సన్‌మైకా వేస్తే నీట్‌గా వస్తుందంటున్నాడు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు, ఉప్పల్

మీ దూలాల మాట వినండి. ఏళ్ల తరబడి ఇంటి కప్పు కింద ఆరిన టేకు ఇప్పుడు కొందామన్నా దొరకదు. డిపోల్లో కొత్తగా వచ్చే లేత టేకులో అంచున తెల్ల చెక్క ఎక్కువ, చేవ తక్కువ. చెదలనీ తేమనీ తట్టుకునేది మధ్యలో ఉండే ముదురు రంగు చేవ మాత్రమే, తెల్లది మామూలు కర్రలాగే పుచ్చిపోతుంది. కాబట్టి బల్లార్షా టేకు అన్నా ఆదిలాబాద్ టేకు అన్నా పేరు చూసి కాదు, కోసిన చివర రంగు చూసి కొనాలి.

మీ కార్పెంటర్ భయం అర్థం చేసుకోదగ్గదే. పాత కర్రలో విరిగిన మేకులుంటాయి, ఒక్కటి తగిలినా సా మిల్లులో బ్లేడు పోతుంది. కర్ర కడిగి, అయస్కాంతంతో ప్రతి అంగుళం వెతికి, మేకులు లాగేసి మిల్లుకి పంపండి, ఆ పనికి కూలి విడిగా ఇస్తానని చెప్పండి. నాలుగడుగుల బెంచీ ఒకదానికి దాదాపు ఒకటిన్నర సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) కర్ర పడుతుంది, తరుగుతో కలిపి రెండు లెక్కేసుకోండి.

ప్లైవుడ్ సంగతికొస్తే, ఐఎస్ 303 (ఐఎస్ అంటే భారత ప్రమాణం) ముద్రతో ఎంఆర్ అని రాసి ఉన్న, అంటే చెమ్మని మాత్రమే తట్టుకునే మామూలు ప్లై ఆరుబయటికి అసలు పనికిరాదు. ఐఎస్ 710, అంటే మెరైన్ ప్లై, జిగురు వరకూ తట్టుకుంటుంది కానీ కోసిన అంచుల్లోంచి నీళ్లు తాగుతూనే ఉంటుంది, పైన అంటించిన సన్‌మైకా మే నెల ఎండకి లేస్తుంది. వంటింటి అల్మరాకి వాడే సామాను వానలో పెట్టి మన్నలేదంటే తప్పు సామానుది కాదు.

సీటుకీ పలకకీ వేసే చెక్క పట్టీల మధ్య 6 మిల్లీమీటర్ల సందు వదలమని మర్చిపోకుండా చెప్పండి. హైదరాబాద్‌లో ఏడాది మొత్తంలో పడే దాదాపు 80 సెంటీమీటర్ల వానలో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబరు మధ్యే పడుతుంది. ఆ నాలుగు నెలలు కర్ర అడ్డంగా ఉబ్బుతుంది, చలికాలం పొడిగాలికి మళ్లీ ముడుచుకుంటుంది, పొడవులో మాత్రం పెద్దగా మారదు. నాలుగంగుళాల పట్టీకి ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. సందు లేకుండా బిగిస్తే ఆ ఒత్తిడికి పట్టీ వంగుతుంది, లేదా స్క్రూ దగ్గర పగులుతుంది. నీళ్లు కారిపోవడానికీ ఆ సందే దారి.

వంటింటి ప్లాట్‌ఫాం వేయగా మిగిలిన నల్ల గ్రానైట్ ఉంది. తిప్పే పలకగా అదే వాడొచ్చా?
— ఒక పాఠకుడు, వనస్థలిపురం

వద్దండీ. నాలుగడుగుల పొడవు, 15 అంగుళాల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న గ్రానైట్ పలక 22 కిలోలు దాటుతుంది. అదే కొలతలో అంగుళం మందం టేకు పలక ఏడెనిమిది కిలోలు. తిప్పేటప్పుడు చెయ్యి జారిందంటే ఆ 22 కిలోలు కింద ఉన్న వేళ్ల మీద పడుతుంది. ఆ గ్రానైట్‌తో ఇటుక దిమ్మెల మీద కదలని అరుగు కట్టించుకోండి, బ్రహ్మాండంగా ఉంటుంది.

మియాపూర్‌లో ఆరో అంతస్తులో ఫ్లాట్. బాల్కనీలో నాలుగడుగుల బెంచీ-టేబుల్ ఒకటి పెడితే పొద్దున టిఫిన్‌కి, తర్వాత లాప్‌టాప్ పనికి వాడుకోవచ్చని నా ఆలోచన. బరువు ఎక్కువవుతుందేమోనని మా వారికి టెన్షన్. మాకు మూడేళ్ల పాప.
— ఒక పాఠకురాలు, మియాపూర్

బరువు గురించి మీ వారు కంగారు పడక్కర్లేదు. మన దేశంలో ఇళ్ల బాల్కనీలని చదరపు మీటరుకి సుమారు 300 కిలోలు మోసేలా డిజైన్ చేయాలని ఐఎస్ 875 (కట్టడాలు మోయాల్సిన బరువుల ప్రమాణం) చెబుతుంది. ఈ బెంచీ పరుచుకున్నప్పుడు దాదాపు ఒక చదరపు మీటరు ఆక్రమిస్తుంది, దాని బరువు, మీ ఇద్దరి బరువు కలిపినా 180 కిలోల లోపే. స్లాబు కింద పగుళ్లో, తుప్పు పట్టిన ఇనుమో కనిపించే పాత బిల్డింగ్ అయితే అది వేరే మాట, ఇంజనీర్‌ని పిలవాలి.

నా భయం పాప గురించి. మీ రెయిలింగ్ 42 అంగుళాలు అనుకుందాం. పక్కనే 17 అంగుళాల సీటు ఉంటే దాని మీద నిలబడిన పాపకి అడ్డంగా మిగిలేది 25 అంగుళాలు. టేబుల్ మీదికి ఎక్కితే 14, అంటే మోకాళ్ల పైకి కొంచెం. మూడేళ్ల పిల్లలు బెంచీ ఎక్కడానికి క్షణం పట్టదు, అదీ మీరు వంటింట్లో గ్యాస్ ఆపి వచ్చేలోగా. రెయిలింగ్ పక్కన పెట్టడం మాత్రం వద్దే వద్దు. లోపలి గోడ వైపు పెట్టినా, టేబుల్‌గా పరచాలంటే ముందుకి లాగాలి, అప్పుడు అది రెయిలింగ్‌కి దగ్గరవుతుంది. బాల్కనీకి కింది నుంచి పైకప్పు దాకా గ్రిల్ ఉంటే నిశ్చింతగా చేయించుకోండి. లేకపోతే పాప కాస్త పెద్దయ్యేదాకా ఈ ఆలోచన మానుకోండి, లాప్‌టాప్‌కి గోడకి మడిచే పలక ఒకటి చాలు.

గ్రిల్ ఉన్నా సరే, పలక తనంతట తను పడకుండా చేతి పక్కన ఒక లాకు పిన్ను పెట్టించండి. పలకకీ చేతికీ మధ్య వేళ్లు నలగడం వీటితో తరచుగా వచ్చే ప్రమాదం.

మా కాలనీ పార్కులో ఇలాంటివి పది వేయాలని అసోసియేషన్‌లో అనుకుంటున్నాం.
— ఒక పాఠకుడు, నాచారం

పార్కులో కదిలే భాగాలు ఏవీ వద్దు. రోజుకి ఎంతమంది తిప్పుతారో, ఎవరు ఎలా వదిలేస్తారో మీ చేతుల్లో ఉండదు, పిల్లల వేళ్ల పూచీ ఎవరిది? కదలని బెంచీలు వేయండి.

రెండేళ్ల క్రితం డాబా మీదికి చేయించుకున్న టేకు బెంచీ-టేబుల్ బూడిద రంగులోకి వచ్చేసింది. మెలమైన్ పాలిష్ పొరలు పొరలుగా లేస్తోంది. బోల్టుల చుట్టూ నల్లటి చారలు. కర్ర పాడైపోయినట్టేనా?
— ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

కర్రకేం కాలేదు. బూడిద రంగు ఎండ వల్ల పైపైన వచ్చేది, లోపల గట్టిగానే ఉంటుంది. గోరుతో గట్టిగా నొక్కి చూడండి, దిగకపోతే దిగులు లేదు. నల్ల చారలు మామూలు ఇనప బోల్టులు తుప్పు పట్టి, ఆ తుప్పు కర్రలోని పదార్థంతో కలవడం వల్ల వచ్చినవి. బోల్టులు స్టెయిన్‌లెస్‌కి మార్చకుండా ఎన్నిసార్లు రుద్దినా మళ్లీ వస్తాయి. మెలమైన్ ఇంటి లోపలి ఫర్నిచర్‌కి వేసే పాలిష్, ఎండలో అది గట్టిపడి పగులుతుంది, పగుళ్లలోంచి నీళ్లు లోపలికి పోయి పొరని లేపుతాయి.

వానలు మొదలవ్వక ముందే పాత పాలిష్ మొత్తం సాండ్‌పేపర్‌తో గీకించి, కర్ర పూర్తిగా ఆరాక లిన్సీడ్ ఆయిల్ లేదా టేకు ఆయిల్ గుడ్డతో పల్చగా పట్టించి, పావుగంటాగి మిగిలినదంతా తుడిచేయండి. జిడ్డు తేలేంత వేస్తే దుమ్ము అంటుకుంటుంది. ఏడాదికోసారి, వానలకి ముందు, ఇంతే పని. కాళ్ల కింద రబ్బరు బూట్లు వేయించండి, కర్ర చివరలు నిలవ నీళ్లలో ఉండకూడదు. మీద ప్లాస్టిక్ పట్టా బిగించి కప్పకండి, లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది.

ఒక్క జాగ్రత్త చాలామందికి తెలియదు, షాపులో కూడా చెప్పరు. లిన్సీడ్ ఆయిల్ గాలితో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోయే దారి లేక, ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే మంట అంటుకోవచ్చు. పని అయ్యాక వాటిని ఒక్కొక్కటిగా విప్పి, ఆరుబయట నేల మీద విడివిడిగా పరిచి, అట్టలా గట్టిపడ్డాకే చెత్తలో వేయండి. లేదా నీళ్లు నిండా పోసిన డబ్బాలో ముంచి మూత పెట్టండి.