గురువారానికే ఆకుకూరలు కుళ్లిపోతున్నాయంటే కారణం తడి

ఆదివారం రైతుబజార్లో తెచ్చిన పాలకూర, కొత్తిమీర సగం చెత్తబుట్టలోకే పోతున్నాయా? అది ఎక్కువ కొనడం వల్ల కాదండీ, తడి వల్ల. వాడిపోకుండా అమ్మేవాళ్లు నీళ్లు చల్లుతూనే ఉంటారు, మనం ఆ తడితోనే కవర్‌కి ముడేసి ఫ్రిజ్‌లో పెట్టేస్తాం.

1. ఇంటికి రాగానే కట్టలు విప్పేయండి. చాలామంది వదిలేసేది ఇదే. దారం కట్టిన చోట వేళ్లతో విడదీసి చూడండి, నల్లబడి జిగటగా నలిగిన ఆకులు రెండు మూడు ఉంటాయి, కట్టంతా పాడయ్యేది అక్కడినుంచే. వాటిని ఏరేసి, కడక్కుండా, ఫ్యాన్ కింద పాత న్యూస్‌పేపర్ మీద ఓ అరగంట పరిచి ఉంచండి.

2. ఆరాక పొడి కాటన్ గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి. గుడ్డ చెమ్మగిల్లితే మార్చాలి. కడగడం వండే ముందే.

3. వండే వరస కూడా ముఖ్యం. మొదటి రెండు రోజులు ఆకుకూరలు, తర్వాత బెండ, వంకాయ. గుమ్మడి, కంద, చేమదుంపలు వారం చివరికి.

4. గోంగూర మిగిలేలా ఉంటే అదే రోజు కాస్త నూనెలో మగ్గించి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, రెండు రోజుల్లో పప్పులోకి వాడేయొచ్చు. కొత్తిమీర కాడలు పారేయకండి, సన్నగా తరిగి చారులో వేయండి, వాటికీ మంచి వాసన ఉంటుంది.