విశ్వాస్యతలో యవత్తు

సందేహం: మా అత్తమ్మకు రోజూ పొద్దున బైబిలు చదివి వినిపిస్తాను. 100వ కీర్తన చివర "ఆయన సత్యము తరతరములుండును" అని ఉంది. 119వ కీర్తన 90వ వచనంలో "నీ విశ్వాస్యత తరతరములుండును" అని ఉంది. పాస్టరుగారేమో రెంటినీ "దేవుని నమ్మకత్వం" అంటారు. ఏది సరి? విశ్వాస్యత అచ్చుతప్పా?
– ఒక పాఠకురాలు, కాజీపేట

సమాధానం: అచ్చుతప్పు కాదమ్మా. విశ్వాసం మనది, విశ్వాస్యత ఆయనది. ఆ యవత్తు మింగేస్తే నమ్మేదెవరో, నమ్మదగినదెవరో తారుమారవుతుంది. "కుక్కకున్న విశ్వాసం" అనేది వేరే వాడుక, దాన్నిక్కడికి తేవద్దు.

కీర్తనల మూలభాష హీబ్రూలో మీరు చెప్పిన రెండుచోట్లా ఉన్నది ఒకటే మాట, ఎమూనా. అమాలేకీయులతో యుద్ధం నాడు మోషే చేతులు బరువెక్కితే, ఆయన్ని రాతిమీద కూర్చోబెట్టి అహరోను ఒక పక్క, హూరు ఒక పక్క ఆ చేతులు పట్టుకున్నారు. పొద్దుగూకేదాకా అవి స్థిరంగా ఉన్నాయని నిర్గమకాండం 17వ అధ్యాయం చెబుతుంది. ఆ స్థిరత్వానికి వాడిన మాటా ఎమూనాయే! ముందు నిలకడ, ఆ తర్వాతే నమ్మకం. ప్రార్థన చివరి "ఆమేన్"దీ ఇదే ధాతువు. హీబ్రూకు అరబీ చెల్లెలి వరస. అటునుంచి ఉర్దూ మీదుగా మన ఓరుగల్లు నోళ్లకు ఈమాన్ (విశ్వాసం), ఈమాన్‌దారు (నిజాయితీపరుడు), అమానతు (నమ్మి అప్పగించిన సొత్తు) వచ్చాయి. నిజాం కాలంలో వస్తున్నాడంటేనే ఊళ్లు వణికిన పోలీసు అమీన్ సాబుదీ ఈ ఇంటిపేరే. అమీన్ అంటే నమ్మదగినవాడట, వినండి!

సత్యమన్నా తప్పులేదు, మాట తప్పనివాణ్ణి సత్యసంధుడనే అంటాం. నమ్మకత్వమే నాకు గొంతు దిగదు. నమ్మకమే గుణవాచి, దానికి మళ్లీ సంస్కృతపు "త్వం" ఎందుకు? గొంగడికి జరీ అంచు కుట్టినట్టుంది. అయినా ఎన్నో ఏళ్లుగా ప్రార్థనల్లో నానిన మాట, వద్దనడానికి నేనెవణ్ణి? రాతలో మాత్రం నేను రాయను.

తరతరములు మాత్రం బంగారంలాంటి అనువాదం. హీబ్రూలోనూ "దోర్ వదోర్" అని జంటగానే ఉంది. ఇది చేతిలో ఉండగా ఈమధ్య ప్రసంగాల్లో "జనరేషన్ టు జనరేషన్" వినబడుతోంది, ఏం పోయేకాలమో! "నా తరమా" అనేచోటి తరం శక్తికి సంబంధించింది, దాన్ని కలపకండి.

అత్తమ్మగారికి చదివేటప్పుడు ఆ యవత్తు కాస్త ఒత్తి పలకండి.