లేవగానే ఎడమకి జారుతోందంటే హెలికాప్టర్ చెడిపోయినట్టు కాదు

కావలి నుంచి అడిగారు: కొత్తగా కొన్న రిమోట్ హెలికాప్టర్ నేల విడవగానే ఎడమకి జారి పడిపోతోంది, బొమ్మలో లోపమా, నా చేతిలో లోపమా అని. రెండూ కాదండీ. ఒంగోలులో నేను నేర్చుకునేటప్పుడు నాకూ ఇదే అనుమానం వచ్చి, ఒక షాపులో చూపిస్తే మోటారు మార్చాలన్నారు. మార్పించా. అయినా ఎడమకే జారింది.

సంగతి ఇదీ. పైనుంచి చూస్తే పై రెక్కలు గడియారం ముల్లు తిరిగే దిక్కున తిరుగుతుంటే, ఒళ్లంతా దానికి ఎదురు దిక్కుకి తిరగబోతుంది. దాన్ని ఆపడానికి తోక చివర ఉన్న చిన్న రెక్క తోకని ఎడమకి నెడుతుంది. ఆ నెట్టుడుకి తోక ఒక్కటే కాదు, మొత్తం హెలికాప్టరే ఎడమకి జరుగుతుంది. అందుకని లేపేటప్పుడే రిమోట్ మీది స్టిక్‌ని వెంట్రుకవాసి కుడికి పట్టుకోవాలి. గాల్లో నిలబడినప్పుడు అది కాస్త కుడికి ఒరిగి కనిపిస్తే కంగారుపడకండి, దాని నిలకడే అంత. మీదాంట్లో రెక్కలు ఎదురు దిక్కున తిరుగుతుంటే ఇదంతా తిరగేసుకోండి. ఒకదానిమీద ఒకటి రెండు వరసల రెక్కలున్న రకానికి ఈ బాధ లేదు.

నేను చేసిన అసలు తప్పు భయం. పడితే విరుగుతుందని జానెడు ఎత్తులోనే ఆడించేవాణ్ణి. రెక్కలు కిందికి తోసే గాలి నేలకి కొట్టుకుని అక్కడే సుడి తిరుగుతుంది, దాంట్లో హెలికాప్టర్ ఊగిపోతుంది. ఒక్క వారంలో మూడు జతల రెక్కలు పోయాయి. ఒకరోజు తెగించి ఛాతీ ఎత్తుకి లేపా. ఎంత నెమ్మదించిందో! చెయ్యి వణకడం ఆగింది ఆ రోజే.

మొదట్లో తోక ఎప్పుడూ మీవైపే ఉండాలి. ముక్కు మీవైపు తిరిగితే కుడి ఎడమలు తారుమారవుతాయి. అప్పుడు ఆలోచించొద్దు, ఏ పక్కకి ఒరుగుతోందో స్టిక్‌ని ఆ పక్కకే తొయ్యండి. ఈ అలవాటు కంప్యూటర్‌లో సిమ్యులేటర్ మీద చేసుకోండి, అక్కడ ఎన్నిసార్లు పడినా రూపాయి పోదు. నాకు మూడు వారాలు పట్టింది.

చోటు గురించి మాత్రం గట్టిగా చెబుతా. సముద్రం ఒడ్డు వద్దు. కొత్తపట్నం బీచ్‌లో ఒక్కసారి దించినందుకే బేరింగుల్లోకి ఇసుక పోయింది. వరి కోసిన చేలో కొయ్యకాళ్ల మీద పడితే దెబ్బ తక్కువ. మన తీరంలో పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి లేస్తుంది, కాబట్టి ఆరింటికి మొదలుపెట్టి ఏడున్నరకి మూసెయ్యండి. పడబోతోందనిపించగానే థ్రాటిల్ (రెక్కల వేగం పెంచే స్టిక్) పూర్తిగా దించెయ్యాలి, లేకపోతే గేర్ల పళ్లు విరిగిపోతాయి. పిల్లల్ని పది మీటర్ల దూరంలో నిలబెట్టండి, ఆ చిన్న రెక్కే కంటికి తగిలితే ఏమవుతుందో ఊహించుకోండి.

హెలికాప్టర్‌లో ఉండే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని వాడనప్పుడు సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచండి, 4.2 దాకా నింపి వారాలు వదిలెయ్యొద్దు. ఎండాకాలం బండి డిక్కీలో అసలే పెట్టొద్దు. రేపు పొద్దున ఛాతీ ఎత్తుకి లేపి, కుడికి కాస్త పట్టి చూడండి. ఏమైందో ఇక్కడే రాయండి, ఎదురుచూస్తుంటా.