స్లైడులో రింగులే కనిపిస్తుంటే పీఎఫా, పీవీయా ఎలా తేల్చాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు విశాఖలో డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) శిక్షణలో ఉన్నారు. పాడేరు వైపు నుంచి భవన నిర్మాణ పనికి వచ్చిన ఒక కూలీకి చలిజ్వరం వచ్చింది. మలేరియా కార్డు పరీక్షలో పీఎఫ్, అంటే ఫాల్సిపారం అనే మలేరియా పరాన్నజీవి గీత పడింది. స్లైడులో మీకు రింగులు, అంటే ఉంగరాల్లా కనిపించే లేత పరాన్నజీవులు తప్ప ఏమీ కనిపించలేదు. మీ సీనియర్ మాత్రం పీవీ, అంటే వైవాక్స్ అనే మరో జాతి అని తేల్చేశారు. పుస్తకంలో బొమ్మలు చూస్తే ఇట్టే తెలిసిపోతున్నాయి, అసలు స్లైడు ముందు కూర్చుంటే ఏదీ తేలడం లేదు, ఏం చేయాలి అని అడిగారు.

నేను మహారాణిపేటలో, కింగ్ జార్జి ఆసుపత్రి చుట్టుపక్కల ఉన్న ప్రైవేటు ల్యాబుల్లో ఒకదానిలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. వానలు మొదలైతే మా బల్ల మీద జ్వరం స్లైడ్లకు కొదవ ఉండదు. నగరం వాళ్లవి చాలావరకు వైవాక్స్, ఏజెన్సీ నుంచి వచ్చినవి చాలావరకు ఫాల్సిపారం. ఇది తెలిసినందువల్ల లాభం కన్నా నష్టమే ఎక్కువ. అరకు, చింతపల్లి అని చిరునామా చూడగానే పీఎఫ్ అని, మధురవాడ అని చూడగానే పీవీ అని చెయ్యి దానంతటదే రాసేస్తుంది. స్లైడు చూడడం పూర్తయ్యేదాకా ఊరి పేరు చదవకపోవడం మంచిది.

ఇక అసలు సంగతి. ముందు పరాన్నజీవిని చూడకండి, అది చేరిన ఎర్రకణాన్ని చూడండి. అద్దెకు దిగినవాడి తీరు ఇంటిని చూస్తే తెలిసినట్టు, లోపల ఉన్నదెవరో కణం చెబుతుంది. వైవాక్స్ చేరిన కణం ఉబ్బుతుంది. పక్కనున్న మామూలు కణాలతో పోలిస్తే ఒకటిన్నర రెట్లు, ఒక్కోసారి రెండు రెట్లు పెద్దగా, కాస్త వెలిసినట్టు ఉంటుంది. వైవాక్స్ పట్టుకునేది ఎక్కువగా రెటిక్యులోసైట్లను, అంటే ఎముక మజ్జ నుంచి అప్పుడే బయటికి వచ్చిన లేత కణాలను. అవి ముందే కొంచెం పెద్దవి, పరాన్నజీవి పెరిగేకొద్దీ ఇంకా సాగుతాయి. ఫాల్సిపారానికి ఆ పట్టింపు లేదు, లేతదైనా ముదురుదైనా చేరుతుంది, కణం పరిమాణం మారదు. వైవాక్స్ రక్తంలో 2 శాతం కణాలను దాటడం అరుదు, ఫాల్సిపారం అంతకు ఎన్నో రెట్లు పెరగగలదు. దానికీ కారణం ఇదే.

అయితే లేత రింగు దశలో వైవాక్స్ కణం కూడా ఇంకా ఉబ్బి ఉండకపోవచ్చు. మీకు తేలకపోవడం అందుకే. ఇక్కడ మీరు ఇబ్బంది అనుకుంటున్నదే మీ చేతిలోని పెద్ద ఆధారం. ఫాల్సిపారం ముదిరేకొద్దీ అది చేరిన కణాల మీద చిన్న బుడిపెలు లేచి, అవి అవయవాల్లోని సన్న రక్తనాళాల గోడలకు అతుక్కుపోతాయి. వేలి నుంచి తీసిన చుక్కలో మిగిలేవి లేత రింగులు, నెలవంక ఆకారపు గామెటోసైట్లు (దోమలోకి వెళ్లే మగ, ఆడ రూపాలు) మాత్రమే. ఎన్ని ఫీల్డులు (లెన్సులో ఒకసారికి కనిపించే భాగాలు) తిరిగినా ఒకే వయసు సన్నని రింగులు తప్ప మరేమీ లేకపోతే ఫాల్సిపారం వైపు మొగ్గాలి. వైవాక్స్ రోగి రక్తంలో అన్ని వయసులవీ కలిసి తిరుగుతాయి. రింగుల మధ్యలో ఎక్కడో ఒకచోట వంకరటింకరగా చేతులు చాపిన అమీబా ఆకారపు ట్రోఫోజోయిట్ (పెరుగుతున్న దశ), 12 నుంచి 24 మీరోజోయిట్లు (పిల్ల పరాన్నజీవులు) ఉన్న షైజాంట్ (విభజన దశ), కణాన్ని దాదాపు నింపేసిన గుండ్రని గామెటోసైట్ దొరుకుతాయి. ఒక్కటి దొరికినా వైవాక్స్ ఉన్నట్టే. కాబట్టి ఒక మంచి రింగు దొరికిందని దాని మీదే అరగంట కూర్చోవద్దు. స్లైడు కదపండి.

రింగును కూడా చూడాలి, కాకపోతే దాని మాటకు రెండో స్థానమే. ఫాల్సిపారం రింగు గీసినంత సన్నగా, కణం వెడల్పులో ఐదో వంతు, ఆరో వంతు మాత్రమే ఉంటుంది. ఎర్రని చుక్కలు, అంటే దాని కేంద్రకంలోని క్రోమాటిన్, రెండు ఉండవచ్చు. ఒకే కణంలో రెండు మూడు రింగులు ఉండవచ్చు. కొన్ని రింగులు కణం అంచుకు అంటించినట్టు ఉంటాయి. వైవాక్స్ రింగు కాస్త మందంగా, కణంలో మూడో వంతు ఆక్రమిస్తుంది. ఒకే కణంలో రెండు వైవాక్స్ రింగులు నేను చూశాను, రెండు చుక్కల వైవాక్స్ రింగులూ చూశాను. అందుకే రెండు చుక్కలు కనబడితే చాలు పీఎఫ్ అని చెప్పే గైడు పుస్తకాలంటే నాకు ఒళ్లు మంట.

షఫ్నర్ చుక్కల గురించి చాలామంది అడుగుతారు. వైవాక్స్ చేరిన కణం నిండా గులాబీ రంగు నలుసుల్లా సన్నని చుక్కలు రావాలి. మా స్లైడుల్లో ఎప్పుడూ రావు అంటారు. రాకపోవడానికి పరాన్నజీవి కారణం కాదు, నీళ్లు. మామూలు రక్త పరీక్షకు లీష్మన్ స్టెయిన్ (రంగు ద్రావణం) వేసే ల్యాబుల్లో బఫర్ నీళ్ల పీహెచ్ 6.8 ఉంటుంది. తెల్లకణాలకు అది బాగుంటుంది, షఫ్నర్ చుక్కలు మాత్రం మాయమవుతాయి. మలేరియా స్లైడుకు జీమ్సా స్టెయిన్ వేయండి, బఫర్ 7.2 ఉండాలి. 3 శాతం ద్రావణంలో 45 నిమిషాలు ఉంచితే రంగు చక్కగా తేలుతుంది. తొందర ఉంటే 10 శాతంలో 10 నిమిషాలు. కుళాయి నీళ్లతో, బోరు నీళ్లతో స్టెయిన్ కలిపి రంగు రాలేదని బాధపడే ల్యాబులు మన ఊళ్లో తక్కువేమీ కాదు. ప్రభుత్వ మలేరియా విభాగంలో శిక్షణకు వెళితే జేఎస్‌బీ స్టెయిన్ కనిపిస్తుంది. జస్వంత్ సింగ్, భట్టాచార్జీ 1944లో రూపొందించిన స్టెయిన్ అది. వేగంగా పని జరుగుతుంది, వందల స్లైడ్లు చూడాల్సిన చోట అదే ఆదుకుంటుంది.

సముద్రం పక్కన ఉన్నందుకు మనకు ఇంకో తలనొప్పి ఉంది. థిన్ స్మియర్‌ను (పలుచగా పరిచిన రక్తపు పొరను) మిథనాల్‌లో స్థిరపరుస్తాం కదా, మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత సరిగా పెట్టని సీసాలోని మిథనాల్ వాడితే ఎర్రకణాల్లో మెరిసే గుంతలు పడతాయి. కొత్తవాళ్లు వాటిని రింగులు అంటారు. ఫైన్ అడ్జస్ట్‌మెంట్ కొద్దిగా తిప్పితే గుంత గాజుపెంకులా మెరుస్తుంది, పరాన్నజీవి మెరవదు. జులై, ఆగస్టుల్లో థిక్ స్మియర్ (మందంగా వేసిన రక్తపు చుక్క) ఆరడానికి బాగా ఆలస్యమవుతుంది. తొందరపడి దీపం దగ్గర పెట్టి వేడి చేశారంటే కణాలు అక్కడే బిగుసుకుపోయి, స్టెయిన్‌లో విచ్చిపోవు, ఇక ఏమీ కనిపించదు. ఫ్యాను కింద ఆరనివ్వండి, చీమలు రాకుండా చూసుకోండి. ఎండిన రక్తాన్ని చీమలు, ఈగలు తినేస్తాయి. పొద్దున వేసిన చుక్క మధ్యాహ్నానికి చిల్లులు పడి ఉండడం మా ల్యాబులో అందరూ చూసిందే.

ఏది రింగు, ఏది కాదు అన్న అనుమానానికి ఒకటే సూత్రం: రెండు రంగులు ఉండాలి. ఎర్రని క్రోమాటిన్, నీలి సైటోప్లాజం. కణం మీద కూర్చున్న ప్లేట్‌లెట్ ఊదా రంగు గరుకు ముద్దలా ఉంటుంది, చుట్టూ తెల్లని వలయం ఉంటుంది, ఫోకస్ మారిస్తే కణానికి పైన ఉన్నట్టు తెలుస్తుంది. స్టెయిన్ నలుసులు కణాల బయట కూడా పడి ఉంటాయి. ముదిరిన పరాన్నజీవిలో మూడో రంగు కూడా వస్తుంది, అది గోధుమ నలుపు వర్ణకం. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను తిని అది మిగిల్చేది ఇదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా జాడను గుర్తుపట్టింది కూడా ఈ వర్ణకం చూసే. తెల్లకణాల్లో ఈ వర్ణకం ఎక్కువగా కనబడితే, లేదా ఫాల్సిపారం షైజాంట్లు వేలి రక్తంలోనే కనబడితే రిపోర్టు టైపు చేసేదాకా ఆగకుండా డాక్టరుకు ఫోను చేయండి. జబ్బు తీవ్రమవుతున్న గుర్తులు అవి.

ట్యూబులో వచ్చే రక్తం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. శాఖా కలెక్షన్ సెంటర్లో పొద్దున తీసి, ఆటోలో, బ్యాగులో తిరిగి సాయంత్రానికి చేరిన ఈడీటీఏ (గడ్డకట్టకుండా ఆపే రసాయనం) కలిపిన రక్తంలో వైవాక్స్ అమీబా ఆకారం కోల్పోయి గుండ్రంగా ముడుచుకుంటుంది. అటువంటి స్లైడును మలేరియే అనే మరో జాతిగా రాసిన రిపోర్టులు నా చేతికి వచ్చాయి. మగ గామెటోసైట్లు దోమ కడుపులో విడుదల చేయాల్సిన తోకల్లాంటి పోగులను ట్యూబులోనే విడుదల చేస్తాయి. వాటిని చూసి వేరే క్రిమి అనుకునే ప్రమాదం ఉంది. వేలి చుక్కతో అక్కడికక్కడ స్లైడు వేయడాన్ని మించింది లేదు. ట్యూబే దిక్కైతే గంటలోపు వేయండి.

మిగతా జాతులు మనకు అరుదు. మలేరియే కణంలో ట్రోఫోజోయిట్ ఒక అంచు నుంచి మరో అంచుకు పట్టీలా సాగి ఉంటుంది, కణం మామూలుగానో కాస్త చిన్నదిగానో ఉంటుంది, షైజాంట్‌లో 6 నుంచి 12 మీరోజోయిట్లే ఉంటాయి. ఓవేల్ ఆఫ్రికాలో ఎక్కువ. మనది రేవు పట్నం కాబట్టి అక్కడి రేవుల నుంచి తిరిగొచ్చిన నావికుల స్లైడ్లు అప్పుడప్పుడు వస్తాయి. ఒకరి స్లైడులో కణాలు గుడ్డు ఆకారంలో, ఒక అంచు పీలికలుగా చిరిగినట్టు ఉండి, చుక్కలు మాత్రం వైవాక్స్ లాగానే ఉన్నాయి. మేము అనుమానం రాసి పీసీఆర్‌కు (జన్యు పరీక్షకు) పంపాం, ఓవేల్ అనే వచ్చింది. మలేసియా అడవుల వైపు వెళ్లొచ్చినవాళ్లయితే నోలెసీ అనే జాతిని గుర్తుంచుకోండి. దాని రింగులు ఫాల్సిపారంలా, ముదిరినవి మలేరియేలా ఉంటాయి. మైక్రోస్కోపుతో దాన్ని ఖాయం చేయాలనుకోవడం వృథా.

రిపోర్టులో ఉత్త పాజిటివ్ అని రాయకండి. జాతి, కనిపించిన దశలు, సంఖ్య మూడూ రాయాలి. థిక్ స్మియర్‌లో 200 తెల్లకణాలు లెక్కించేలోపు 150 పరాన్నజీవులు కనిపించాయనుకోండి, మైక్రోలీటరు రక్తంలో 8000 తెల్లకణాలు ఉంటాయన్న లెక్కన 150ని 8000తో గుణించి 200తో భాగిస్తే మైక్రోలీటరుకు 6000. దశలు ఎందుకు రాయాలంటే, మందు వాడాక కూడా ఫాల్సిపారం నెలవంకలు వారాల తరబడి రక్తంలో కనిపించవచ్చు. వాటినొక్కటే చూసి మళ్లీ పాజిటివ్ అని రాస్తే మందు పనిచేయలేదని రోగి భయపడతాడు. నెగెటివ్ అనాలంటే థిక్ స్మియర్‌లో కనీసం 100 ఫీల్డులు నూనె లెన్సుతో చూసి ఉండాలి. జ్వరం కొనసాగితే 12 నుంచి 24 గంటల తేడాతో మళ్లీ స్లైడు అడగండి.

ఇప్పుడు మీ కూలీ సంగతి. కార్డులో పీఎఫ్ గీత పడిందంటే ఫాల్సిపారం వదిలే హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రొటీన్ రక్తంలో ఉందని అర్థం. ఆ ప్రొటీన్ చికిత్స అయిపోయాక కూడా వారాలపాటు మిగులుతుంది. పోయిన నెల అతనికి ఏజెన్సీలో మలేరియా మందులు ఇచ్చారేమో అడిగారా? ఇచ్చి ఉంటే ఆ గీత పాతది కావచ్చు, ఇప్పటి జ్వరం వైవాక్స్ కావచ్చు. ఇవ్వకపోతే గీతకు విలువ ఎక్కువ. రెండూ కలిసి ఉండడం కూడా ఏజెన్సీ వైపు వింత కాదు. ఒక జాతి దొరకగానే వెతకడం ఆపేస్తే రెండోది తప్పించుకుంటుంది.

మీరు చెప్పిన లక్షణాలు మాత్రమే చూస్తే, అంటే కణాలు ఉబ్బలేదు, రింగులు సన్నగా ఉన్నాయి, పెద్ద దశలేవీ లేవు, నేను ఫాల్సిపారం వైపే ఉంటాను. అయితే మీ సీనియర్ ఏదైనా అమీబా ఆకారం చూసి ఆ మాట అన్నారేమో. ఏ ఫీల్డులో చూశారో చూపించమని మర్యాదగా అడగండి, మైక్రోస్కోపు స్టేజి మీద అంకెలు రాసుకోండి. వెంటనే వేలి నుంచి కొత్త థిక్, థిన్ స్మియర్లు వేసి, 7.2 బఫర్‌తో జీమ్సా చేసి, థిన్ స్మియర్ తోకవైపు కణాలు విడివిడిగా పరుచుకున్న చోట వెతకండి. ఈ లోపు డాక్టరుకు పీఎఫ్ కాదనలేం, మిశ్రమం కావచ్చు అని చెప్పండి. ఫాల్సిపారం గంటల్లో ముదరగలదు, దాన్ని వైవాక్స్ అని రాసి క్లోరోక్విన్‌తో సరిపెడితే ప్రాణం మీదికి వస్తుంది. వైవాక్స్‌ను వదిలేస్తే కాలేయంలో దాక్కున్నది కొన్ని వారాలకో నెలలకో మళ్లీ జ్వరం తెస్తుంది, 14 రోజుల ప్రైమాక్విన్ దాని కోసమే. కొత్త స్లైడులో ఏం కనబడిందో ఇక్కడే రాయండి, ఫోటో పెడితే ఒక కణం కాకుండా మొత్తం ఫీల్డు కనిపించేలా తీయండి.