కొడుకు ఇల్లు కొన్నాడని తల్లి పేరు తీసేయవచ్చా?

ప్రశ్న: మా నాన్న చనిపోయాక అమ్మ కుట్టుపని చేసి మమ్మల్ని పెంచింది. మా ఊళ్లో పురపాలక సంఘం స్థలంలో కట్టిన టిడ్కో (పట్టణాల్లో ఇళ్లు కట్టే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) ఇళ్లకు 2017లో దరఖాస్తు చేసి, 365 చదరపు అడుగుల ఇంటికి మొదటి వాయిదాగా 12,500 రూపాయలు డీడీ తీసింది. 2019 జనవరిలో లాటరీ తీసి బ్లాకు, ఇంటి నంబరు ఉన్న పత్రం ఇచ్చారు. 2021లో వార్డు సచివాలయంలో జాబితా పెడితే అందులో అమ్మ పేరు లేదు. అడిగితే ‘మీ కుటుంబానికి ఇల్లు ఉంది’ అన్నారు, కాగితం ఏమీ ఇవ్వలేదు. ఆ ఇల్లు 2020లో మా అన్నయ్య కొన్నది. ఆయనకు 2018లో పెళ్లయింది, వేరే ఊళ్లో ఉంటాడు, కానీ బియ్యం కార్డులో ఇప్పటికీ అమ్మతోనే ఉన్నాడు. అప్పటి నుంచి అర్జీలు ఇస్తూనే ఉన్నాం. ఆ స్థలంలో ఇళ్లు మా వార్డువాళ్లకే ముందుగా ఇవ్వాలని కౌన్సిల్ తీర్మానం చేసింది. దాని మీద కేసు వేయవచ్చా? అన్నయ్య 2017లోనే విడిపోయినట్టు పాత తేదీతో పంపకం కాగితం రాయిస్తే పని జరుగుతుందని మునిసిపల్ ఆఫీసు దగ్గర ఒకాయన చెబుతున్నారు. ఏం చేయమంటారు? (ఉత్తరాన్ని కుదించాం.)
– ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం మీ అమ్మగారు పడిన కష్టం గురించి, ఆఫీసుల్లో మీకు ఎదురైన అవమానం గురించి ఉంది. ఈ వ్యవహారాన్ని తేల్చే విషయాన్ని మాత్రం మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు: మీ అన్నయ్యకు పెళ్లయింది ముందా, ఇల్లు కొన్నది ముందా?

టిడ్కో ఇళ్లు 2015 జూన్ 25న మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంతో ముడిపడి కట్టినవి. స్థలం పురపాలక సంఘం ఇచ్చినా, కట్టడం టిడ్కో చేసినా, ఇంటికి లక్షన్నర రూపాయల కేంద్ర సాయం వచ్చేది ఆ పథకం మార్గదర్శకాలకు లోబడే కనుక అర్హతను కూడా వాటి ప్రకారమే చూడాలి. ఆ మార్గదర్శకాల్లో లబ్ధిదారు కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్లికాని కొడుకులు, పెళ్లికాని కూతుళ్లు మాత్రమే. వీరిలో ఎవరి పేరునైనా దేశంలో ఎక్కడైనా పక్కా ఇల్లు ఉంటే అర్హత పోతుంది. పెళ్లయిన కొడుకు ఈ నిర్వచనంలో లేడు.

మీరు చెప్పిన తేదీలే నిజమైతే, 2017లో దరఖాస్తు చేసిన నాటికి మీ అన్నయ్య పెళ్లికానివాడే గాని ఆయనకు ఇల్లు లేదు. 2020లో ఇల్లు కొన్న నాటికి ఆయన ఈ పథకం లెక్కలో మీ అమ్మగారి కుటుంబ సభ్యుడు కాడు. పెళ్లికాని కొడుకు పేరున పక్కా ఇల్లు ఉన్న రోజు ఈ మొత్తం కాలంలో ఒక్కటి కూడా లేదు. దీన్ని కాగితాల మీద చూపగలిగితే మిగిలిన వాదనలు పెద్దగా అక్కర్లేదు, చూపలేకపోతే అవేవీ మిమ్మల్ని కాపాడవు.

కాబట్టి ముందుగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి 2020 నాటి విక్రయ దస్తావేజుకు ధ్రువీకరించిన నకలు తీసుకుని, కొనుగోలుదారుగా ఎవరెవరి పేర్లు ఉన్నాయో మీ కళ్లతో చూడండి. బ్యాంకు అప్పులో మీ అమ్మగారు సహరుణగ్రహీతగా సంతకం చేసినంత మాత్రాన ఆమె యజమాని కారు. కానీ దస్తావేజులో అన్నయ్యతో పాటు ఆమె పేరు కూడా ఉంటే ఈ కేసు వేయకండి, ఓడిపోతారు. మీకు పెళ్లయిందో లేదో మీరు రాయలేదు. కాకపోతే మీరు కూడా ఆ కుటుంబంలో సభ్యురాలే కనుక మీ పేరున ఎక్కడా ఇల్లు లేదని ప్రమాణపత్రంలో చెప్పాల్సి ఉంటుంది.

రెండోది పెళ్లి రుజువు. రాష్ట్రంలో 2002 నుంచి పెళ్లిళ్ల నమోదు తప్పనిసరి అని చట్టం ఉన్నా చాలామంది పట్టించుకోరు, మీ అన్నయ్య కూడా చేయించి ఉండకపోవచ్చు. ఇప్పుడు చేయించినా తప్పు లేదు. ధ్రువపత్రంలో పెళ్లి తేదీ 2018దే ఉంటుంది, నమోదు తేదీ ఇప్పటిది ఉంటుంది, ఆ తేడాను దాచాల్సిన పని లేదు. దానికి తోడు శుభలేఖ, ఫొటోలు, పిల్లలు ఉంటే జనన ధ్రువపత్రం, ఆ ఊళ్లో తీసుకున్న గ్యాసు కనెక్షను, అద్దె ఒప్పందం పెట్టండి. విక్రయ దస్తావేజులో ఆయన నివాసం ఆ ఊళ్లోదని రాసి ఉంటే అది మీకు మంచి సాక్ష్యం, ఎందుకంటే ఈ వివాదం పుట్టకముందు రాసిన కాగితం అది.

ఇక బియ్యం కార్డు సంగతి. పెళ్లయి వేరు కాపురం పెట్టిన కొడుకు పేరును ఇన్నేళ్లు తల్లి కార్డులో ఉంచుకోవడం మీ అజాగ్రత్తే. సచివాలయంవారు చూసింది ఆ కార్డునూ, దాని వెనక ఉన్న కుటుంబ వివరాలనే. కొడుకు, కొడుకు ఇల్లు అక్కడ మీ అమ్మగారి ఖాతాలో కనిపించాయి. అంటే మీకు వ్యతిరేకంగా ఉన్న ప్రధాన సాక్ష్యం మీ చేత్తో మీరే నిలబెట్టుకున్నది. పథకం చెప్పిన కుటుంబానికి బియ్యం కార్డు కొలమానం కాదని వాదించవచ్చు, వాదించాలి కూడా. అయినా ఆ పేరు అక్కడ ఎందుకు ఉండిపోయిందో నిజాయతీగా ఒక పేరాలో చెప్పుకోక తప్పదు. పేరు వేరు చేయించడానికి ఈ వారమే దరఖాస్తు పెట్టండి.

కౌన్సిల్ తీర్మానాన్ని పట్టుకుని వెళ్లవద్దు. తన స్థలాన్ని పేదల ఇళ్లకు కేటాయించాలని, ఫలానా వార్డువారికి ప్రాధాన్యం ఇవ్వాలని పురపాలక సంఘం అనుకోవడం ప్రణాళికలో భాగం. అది ప్రభుత్వ మంజూరుకు, పథకం నిబంధనలకు లోబడి ఉంటుంది గాని ఏ ఒక్కరికీ ఫలానా ఇల్లు పొందే హక్కును ఇవ్వదు. మీ అమ్మగారి హక్కు, అది ఎంత చిన్నదైనా, తీర్మానం నుంచి కాక లాటరీ పత్రం నుంచి పుడుతుంది. ఆ పత్రం ఆమెను యజమానిని చేయదు. కానీ నంబరుతో ఇల్లు కేటాయించాక, నోటీసు ఇచ్చి సంజాయిషీ వినకుండా, కారణం రాయకుండా ఆ కేటాయింపును తీసేయడానికి వీల్లేదు. ఈ పాయింటు మీద హైకోర్టు జోక్యం చేసుకోగలదు.

కాలపరిమితి విషయంలో మీ పరిస్థితి ఇంత బాగా లేదు. ‘అర్జీలు ఇస్తూనే ఉన్నాం’ అన్న మాట చదివితే నాకు భయం వేసింది. ప్రభుత్వం అర్జీలు తీసుకునే స్పందన కార్యక్రమంలో ఇచ్చినవి గాని, 2024 తర్వాత ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చినవి గాని గడువును ఆపవు. ఎప్పుడో ముగిసిన వ్యవహారం మీద పదేపదే అర్జీలు పెట్టి, వాటికి వచ్చిన జవాబును కేసు వేయడానికి కొత్త కారణంగా చూపడం కుదరదని సుప్రీంకోర్టు 2008లో సి. జేకబ్ కేసులో స్పష్టంగా చెప్పింది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామంటే అక్కడ గడువు రెండేళ్లు. సంస్థలు డబ్బు తీసుకుని ఇళ్లు కట్టివ్వడం సేవేనని 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో తేలినా, అర్హత రద్దును కొట్టివేయించుకోవడానికి అది సరైన చోటు కాదని నా అభిప్రాయం. మిగిలింది రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో వేసే రిట్ పిటిషన్. దానికి చట్టంలో నిర్ణీత గడువు లేదు. అయితే ఆలస్యానికి సంతృప్తికరమైన కారణం చెప్పకపోతే, ముఖ్యంగా ఈలోగా ఆ ఇంట్లో మరొకరు చేరి ఉంటే, కోర్టు తలుపు దగ్గరే ఆపేస్తుంది.

మీకు అనుకూలంగా ఉన్నది ఒక్కటే: రద్దు ఉత్తర్వు మీకు అందలేదు. బాధితుడికి తెలియజేయని ఉత్తర్వు అతణ్ని కట్టిపడేయదన్నది బచిత్తర్ సింగ్ కేసు నుంచి స్థిరపడిన సూత్రం. ఈ వాదన నిలవాలంటే ఇంకో సంగతి తేలాలి. కట్టిన 12,500 రూపాయలు మీ అమ్మగారి ఖాతాలోకి తిరిగి వచ్చాయా? మీరు రాయలేదు. వచ్చి ఉంటే, రద్దు సంగతి ఆ రోజే తెలిసిందని, అభ్యంతరం చెప్పకుండా డబ్బు తీసుకున్నారని అవతలివారు తప్పకుండా అంటారు. పాస్‌బుక్‌లో పద్దులన్నీ వేయించి చూడండి.

పాత తేదీ పంపకం కాగితం గురించి గట్టిగా చెబుతున్నాను, ఆ పని చేయకండి. స్టాంపు కాగితానికి క్రమసంఖ్య ఉంటుంది, అమ్మినవారి రిజిస్టరులో తేదీ, కొన్నవారి పేరు ఉంటాయి, నోటరీకి తన పుస్తకం ఉంటుంది. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే బూటకం బయటపడడానికి ఒక పూట చాలు. అది భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ కింద ఫోర్జరీ, నిజమైనదిగా దాన్ని వాడితే 340వ సెక్షన్ కింద మరో నేరం, సంతకం పెట్టే మీ అమ్మగారూ అన్నయ్యా ఇద్దరూ ముద్దాయిలు అవుతారు. రాయించమన్న పెద్దమనిషి ఆ కాగితంలో ఎక్కడా ఉండడు. మోసంతో కోర్టుకు వచ్చినవారిని ఏ దశలోనైనా బయటికి పంపవచ్చని చెంగల్వరాయ నాయుడు కేసులో సుప్రీంకోర్టు చెప్పాక, నిజమైన హక్కు ఉన్నవారు కూడా ఇలాంటి కాగితం వల్ల సర్వం పోగొట్టుకున్నారు. పైగా మీకు దాని అవసరమే లేదు. అన్నయ్య 2017లో విడిపోయాడని చూపడం వల్ల మీకు కొత్తగా ఒరిగేది లేదు, 2018లో పెళ్లయిందన్న నిజం చాలు.

డీడీ నకలు పోయిందని ఉత్తరం చివర రాశారు. మధ్యతరగతి ఇళ్లలో కరెంటు బిల్లులు దాస్తారు, ఇల్లు తెచ్చే కాగితం మాత్రం ఎక్కడో పెట్టి మర్చిపోతారు. డీడీ తీసిన బ్యాంకు శాఖకు వెళ్లి, నంబరు, తేదీ, ఎవరి పేరున తీశారు, ఎప్పుడు నగదుగా మారింది అన్న వివరాలతో లిఖితపూర్వక ధ్రువీకరణ అడగండి. బ్యాంకులు పాత రికార్డులను శాశ్వతంగా ఉంచవు కనుక ఇది రేపే జరగాలి.

అదే రోజు పురపాలక సంఘంలోని పౌర సమాచార అధికారికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఇవ్వండి. మీ అమ్మగారి కేటాయింపును రద్దు చేసిన ఉత్తర్వు నకలు, దానికి ముందు ఇచ్చిన నోటీసు ఉంటే అది, విచారణ నివేదిక, ఆ ఇంటి నంబరు ప్రస్తుత స్థితి, మరొకరికి ఇచ్చి ఉంటే ఆ కేటాయింపు తేదీ, ఆ సముదాయంలో అదే విస్తీర్ణంలో ఖాళీగా ఉన్న ఇళ్ల సంఖ్య అడగండి. ‘ఎందుకు తీసేశారు’ అని అడగవద్దు. ఆ చట్టం కింద రికార్డు అడగాలి, సంజాయిషీ కాదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి.

ఆ 30 రోజులూ ఊరికే కూర్చోకుండా, తేదీల వారీగా రెండు పేజీలు మించని వినతిపత్రం ఒకటి పురపాలక కమిషనరుకు, టిడ్కోకు స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచండి. జవాబు వచ్చినా రాకపోయినా ఆ తర్వాత రిట్ వేయండి. రాష్ట్ర పురపాలక శాఖను, టిడ్కోను, కమిషనరును, కలెక్టరును ప్రతివాదులుగా చేర్చాలి. ఆ ఇల్లు ఇంకొకరికి ఇచ్చి ఉంటే వారిని చేర్చకుండా వారి కేటాయింపును కోర్టు తాకదు, ఆ పొరపాటుతో చాలా పిటిషన్లు పోతాయి. వారు అప్పటికే కాపురం ఉంటే ఖాళీ చేయించమని పట్టుబట్టకుండా, అదే విస్తీర్ణంలో ఖాళీగా ఉన్న మరో ఇల్లు ఇప్పించమని ప్రత్యామ్నాయంగా కోరండి. కోర్టులు అలాంటి కోరికను సులువుగా వింటాయి. ఇల్లు ఖాళీగానే ఉంటే కేసు తేలేదాకా దాన్ని మరొకరికి ఇవ్వకుండా యథాతథ స్థితి ఉత్తర్వు అడగండి. లబ్ధిదారు వాటాలో మిగిలినది, ప్రభుత్వం ఆ వాటాను 50,000 నుంచి సగానికి తగ్గించిన మేరకు, కట్టడానికి, బ్యాంకు రుణానికి సంతకం చేయడానికి సిద్ధమని ప్రమాణపత్రంలో రాయించండి.

ఖర్చు గురించి అడిగారు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ఇచ్చింది. దరఖాస్తు మీ అమ్మగారి పేరున ఉండాలి, మీ పేరునో అన్నయ్య పేరునో కాదు. మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఇస్తే హైకోర్టు న్యాయ సేవల కమిటీకి పంపుతారు. ముందుగా వివరాలు కావాలంటే 15100కు ఫోన్ చేయవచ్చు. వెళ్లేటప్పుడు లాటరీ పత్రం అసలును ఎవరి చేతికీ ఇవ్వకండి, నకలు మాత్రమే ఇచ్చి, అసలును వకాల్తా మీద సంతకం చేసే రోజున చూపించండి.